దగ్గుతున్న గడ్డి మిషిన్

మర్పల్లి
బోనాలు అయిన వారం

తాండూరుల ఉన్న తమ్ముడు భీమప్పకు,

నేను బుగ్గమ్మను. వయసు ఆధార్ల అరవై ఎనిమిదని రాసిండ్రు. రాసినోడు నా మొఖం చూడకుంటనే రాసిండు, డెబ్బై దాటినయి. ఇంట్ల నేను, ఆటో తోలే నా కొడుకు శ్రీశైలం, కోడలు మల్లిక, పన్నెండు గొర్లు, ఒక పొట్టేలు. మొగడు పోయి శాన ఏండ్లాయె. గీ ఉత్తరం నేను చెప్తుంటే మల్లిక రాస్తున్నది. చెప్పింది చెప్పినట్ల రాయాలని దానితోని ఒట్టు పెట్టించుకున్న. దాని మొగని మీద చెప్పేదుంది మరి, మధ్యల మెత్తగ చేస్తదేమోనని.

ఇవన్ని నాకు తెల్వయా అక్కా అంటవు. తెలుసు. గాని ఇది ఫిర్యాదు. ఫిర్యాదంటే పేరు, వయసు, ఇల్లు ముందుగాల చెప్పాలె. భూమి కాగితాల కాడ నాతోని గట్లనే చెప్పిచ్చిండ్రు.

సంగతి ఏందంటే, తిప్ప మీద మనం గొర్లు మేపిన జాగల ఫామ్‌హౌజులోల్లు కంచెలేసిండ్రు. నా మోకాళ్ళు గూడ గొర్లెంబడి ఉరుకుతలేవు. అందుకే పోయినేడు శ్రీశైలం భుజానికి తగిలించుకునే పెట్రోల్ మిషిన్ తెచ్చిచ్చిండు. ఒడ్డు పొంటి గడ్డి పెంచిన, మిషిన్‌తోని కోసి కొట్టంల వేస్తున్న. మంచిగనే నడిచింది. ఇప్పుడు పాడైంది. తాడు గుంజుతే షురూ అయితది. ఊర్కె నిలబెడితే గుర్రుమంట ఉంటది. గడ్డిల పెట్టి రేసు ఇచ్చిన్నో, చచ్చిపోతది.

వికారాబాద్‌ల ఒకనికి చూపిస్తే, చెయ్యి గూడ పెట్టకుండ, ఇంజిన్ పోయింది, కొత్తది కొనుక్కోమన్నడు. నా కొడుకేమో, "అవ్వా, నీ భుజం కొడవలికి పనికిరాదు, మిషిన్ లేదు, దసరా అయినంక గొర్లను అంగడికి తోల్త" అన్నడు. మొన్ననే ఒకనితోని బేరం గూడ మాట్లాడి వచ్చిండు. నా ముంగట చాయ తాగుకుంట చెప్తున్నడు ఆ మాట! ఆ చాయల పాలు నా గొర్రెవి గావు, లేకుంటే గ్లాసు గుంజుకుందును.

ఆ గొర్లు ఏడివిరా తమ్మీ? మనల్ని కన్న అవ్వ నన్ను అత్తగారింటికి తోలేటప్పుడు తాడు కట్టి ఎంబడి పంపిన నల్ల గొర్రె బిడ్డల బిడ్డలు. నువ్వప్పుడు దాని మెడ పట్టుకొని ఊరి బయటి దాక ఏడ్సుకుంట వచ్చినవు. నాకోసం ఏడ్సినవనుకున్న, గొర్రెకోసమట.

నీకు మిషిన్లు బాగుచేసే కొట్టుంది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. నీ కోడలు సింధుజ ఎత్తి "మామయ్య పనిల ఉన్నడు" అంటది. నాకంటె పెద్ద పనేందిరా నీకు? వచ్చి చూడు.

నీ అక్క
బుగ్గమ్మ

(చిన్నాయనా, నేను మల్లికను. ఆయన గురించి ఇంకా నాలుగు మాటలు చెప్పింది. కాగితంల జాగ లేదని చెప్పి తప్పించుకున్న.)


తాండూరు
శ్రావణం పడ్డంక

అక్కకు భీమప్ప దండాలు.

నీ ఫిర్యాదు అందింది. ఫోన్ల నువ్వు సగం మాటలు తిట్లకే ఖర్చు చేస్తవు, మిషిన్ సంగతి వచ్చేసరికి బ్యాలెన్స్ అయిపోతది. కాగితం మీదనైతే అసలు సంగతి వస్తది. అందుకే ఇట్లనే రాయించు.

ఫికర్ చేయకు, ఇంజిన్ పోలే. పోయిన ఇంజిన్ తాడు గుంజుతే షురూ గాదు. దానికి గాలన్న సరిగ అందుతలేదు, పెట్రోలన్న అందుతలేదు, ప్లగ్గన్న సరిగ మండుతలేదు. ఒక్కొక్కటి చూసుకుంట పోదాం.

ముందుగాల ట్యాంకిల పాత పెట్రోల్ ఒంపేయండ్రి. నెలల తరబడి ఉంటే పెట్రోల్ గూడ పాసిపోతది. కొత్త పెట్రోల్ లీటరుకు నలభై మిల్లీల నూనె కలపాలె, మిషిన్‌తోని వచ్చిన సీసా మీద గీతలుంటయి, బిడ్డా మల్లికా నువ్వు చూసి కలుపు. అక్కా, నువ్విన్నాళ్ళు నూనె ఎంత కలుపుతున్నవో నాకు రాయి. తర్వాత ప్లగ్గు ఇప్పి దాని మూతి ఏం రంగుందో చూడుండ్రి.

ఇంకొకటి. ఆగిపోయేటప్పుడు అది ఎట్ల మొత్తుకుంటదో జర వివరంగ చెప్పు. గొర్రె దగ్గు విని దాని రోగం చెప్పేదానివి నువ్వు.

ఇప్పుడైతే రావుడు కుదరదు. కొట్ల పని మస్తుంది. నల్ల గొర్రె కోసమే ఏడ్సిన, అబద్ధమెందుకు. నువ్వు మళ్ళ వస్తవని నాకు ఎరుక, అది రాదని గూడ ఎరుక.

నీ తమ్ముడు
భీమప్ప


మర్పల్లి
రాఖీ పున్నం పోయినంక

తమ్మీ భీమప్పా,

రాఖీ నాడు పొద్దుగాల నుంచి గడప మీద కూసున్న. ప్రతియేడు ఫస్ట్ బస్సుకే దిగేటోనివి. శ్రీశైలం ఆటో అడ్డ మీద నాలుగు బస్సులు చూసిండంట, ఏ బస్సుల నువ్వు దిగలే. నువ్వు తినే కుడుములు మల్లిక తిన్నది. గీ కవర్ల రాఖీ పెట్టిన. ఎవరితోనన్న కట్టించుకో, గాని కట్టేటప్పుడు నన్ను తలుసుకో.

ఇగ మిషిన్ సంగతి. పాత పెట్రోల్ ఒంపినం. ప్లగ్గు మల్లిక ఇప్పింది. పానా పట్టుకుంటే ఆమె చెయ్యి శ్రీశైలం చెయ్యి కంటె గట్టిగుంది, ఇది రాయి మల్లికా. ప్లగ్గు మూతి బొగ్గు లెక్క నల్లగ, తడి తడిగ ఉన్నది. గుడ్డతోని తుడిసి, ఎండల పెట్టి మళ్ళ బిగించినం. షురూ అయింది. రెండు సాళ్ళ గడ్డి కోసిన్నో లేదో, మళ్ళ గదే కథ.

మొత్తుకునుడు అడిగితివి. ఊర్కె ఉన్నప్పుడు కడుపు నిండిన గొర్రె నెమరేసినట్ల నిమ్మలంగుంటది. రేసు ఇస్తే ముందుగాల గొంతుల ఏదో అడ్డం పడ్డట్ల "ఉహ్హు ఉహ్హు" అంటది. తర్వాత ముసలి పొట్టేలు దగ్గు. ఆఖరికి ఊపిరి లోపలికి పోతది, బయటికి రాదు. ఖతం.

ఇంత చెప్పుడెందుకని మల్లిక నీ కోడలి ఫోన్‌కు వీడియో గూడ పంపింది. వినుకో.

నూనె పోస్తనే ఉన్న. నా చేతులు ఎట్లాంటివో నీకు ఎరుకే. నా ఇంటికొచ్చినోల్లు ఎన్నడన్న ఖాళీ కడుపుతోని పోయిండ్రా?

శ్రీశైలం ఏవో స్క్రూలు తిప్పి, "ఇప్పుడు ఆగదు చూడు" అన్నడు. ఆగింది. బేరగాడు ఈ నడుమ ఇంటికి వచ్చి గొర్ల వీపులు ఒత్తి చూసిపోయిండు. నేను వాని వీపు చూసిన, కట్టె సరిపోతదా అని.

నీ అక్క
బుగ్గమ్మ


తాండూరు
వినాయక చవితి ముంగట

అక్కకు దండాలు.

రాఖీ సింధుజ కట్టింది. నిన్ను తలుసుకున్న. కుడుములు తలుసుకుంటే మాత్రం కడుపుల మండింది. మల్లికకు చెప్పు, వచ్చేయేడు నా వాటా ఎత్తిపెట్టాలె.

రాకపోవుడు కావాలని గాదు. జర ఒంట్ల నలతగ ఉండె. ఇప్పుడు మంచిగనే ఉన్న.

ప్లగ్గు నల్లగ, తడిగ ఉన్నదంటే లోపల పెట్రోల్, నూనె పూర్తిగ మండుతలేవు. గాలి పోయే దిక్కు చూడాలె. పక్కపొంటి నల్ల డబ్బ మూత ఉంటది, తీస్తే లోపల స్పంజి ముక్క. సబ్బు నీళ్ళల పిండి, నీడకు పూర్తిగ ఆరినంక పెట్టుండ్రి. చోక్ పుల్ల తెరిచే ఉన్నదా చూడుండ్రి. షురూ అయినంక దాన్ని తెరవకపోతే గూడ గిట్లనే ఉక్కిరిబిక్కిరి అయితది. శ్రీశైలంకు చెప్పు, స్క్రూల మీద చెయ్యి పెట్టొద్దని. ఆటో వేరు, ఇది వేరు.

వీడియో చూసిన. గడ్డి మంచిగ పెరిగింది. నీ కొంగు మిషిన్‌కు దగ్గరగ ఉన్నది, నడుముకు చెక్కుకో. రేసు ఇచ్చినప్పుడు గొంతుల అడ్డం పడ్డట్లంటున్నవు గదా, అది మెల్లమెల్లగ పడిపోతదా, ఒక్కసారే పడిపోతదా? నీ మాటల చెప్పు.

ఇగ నూనె. నేనడిగింది నీ చేతుల సంగతి గాదు అక్కా. ఎంత పోస్తున్నవని. మల్లిక గీతలు చూసి కలిపినంక నువ్వు మళ్ళ ఏమన్న పోస్తున్నవా? పొగ వస్తున్నదా?

నీ తమ్ముడు
భీమప్ప


మర్పల్లి
వినాయకుని నిమజ్జనం అయినంక

ఒరే భీమప్పా,

స్పంజి పిండినం, ఆరబెట్టినం. పుల్ల తెరిచినం. ఏం లాభం లేదు.

ఎంత ఎంత అని నా పానం తీస్తున్నవు. చెప్త విను. మల్లిక గీతలు చూసి కలుపుతది. అది పక్కకు పోయినంక నేను ఇంకింత పోస్త. ఎందుకు పోస్తనో గూడ విను. వానకాలం కొట్టంల జోరీగలు, దోమలు. గొర్లు పండుకోవు, రాత్రంత కాళ్ళు కొట్టుకుంటయి. అవ్వ పిడకల మీద యాపాకు వేసి పొగ పెడ్తుండె, యాదికున్నదా? ఇప్పుడు పిడకలేడియి? మా వాడకట్టుల బర్రె ఉన్న ఇల్లు ఒక్కటి లేదు. ఒకనాడు నూనె జర ఎక్కువ పడ్డది, మిషిన్ నుంచి తెల్లటి పొగ, అబ్బో! దోమ ఒక్కటుంటే ఒట్టు. అప్పటి సంది పొద్దుగూకంగనే మిషిన్ తెచ్చి కొట్టం దర్వాజల పెట్టి, రేసు ఇయ్యకుండ ఊర్కె నడిపిస్త. గొర్లు నిమ్మలంగ పండుకుంటయి. పక్కింటి ఇంద్రమ్మ చూసి, "బుగ్గమ్మా, నీ తెలివి ఎవ్వలకు రాదు" అన్నది. నేను చేసిందాంట్ల తప్పేమున్నది? ఒక్క మిషిన్‌తోని రెండు పనులు చేయించుకున్న. ఇనుము గదా, ఓర్చుకోవాలె.

ఇప్పుడు నేనొకటి అడుగుత. రెండు ఉత్తరాల సంది మల్లికతోని నీ రాత మళ్ళమళ్ళ చదివించుకుంటున్న. వీడియోల మిషిన్ అంత గట్టిగ దగ్గుతున్నది, ఇంద్రమ్మ దాని ఇంటికాడ్నుంచి విన్నది. నువ్వేమో నా కొంగు చూసినవు, గడ్డి చూసినవు, మిషిన్ ఎట్ల మొత్తుకున్నదని మళ్ళ నన్నడిగినవు. ఫోన్ ఎత్తవు. రాఖీకి రావు. కొట్ల పని మస్తంటవు. మీ దిక్కు నుంచి కందులు తెచ్చే ఆటోవాడు శ్రీశైలంతోని అన్నడంట, నీ కొట్టు షెట్టర్ ఎండకాలం సంది దించే ఉన్నదని.

తమ్మీ, నీకు చెవులు వినొస్తున్నయా? నిజం చెప్పు. నేను నూనె సంగతి చెప్పిన గదా.

బుగ్గమ్మ


తాండూరు
పెత్రమాసకు వారం ముంగట

అక్కా,

నీ ఉత్తరం చదివి ఒక్కన్నే నవ్విన. సింధుజ వంటింట్ల నుంచి ఉరికొచ్చింది. వాడకట్టంత వినేటట్ల నవ్విన్నంట. ఎంత గట్టిగ నవ్విన్నో నాకు తెల్వది.

ఇగ నీకు ఏం దాస్త. కొట్టు పెట్టక ముందు బండలు పాలిష్ చేసే మిల్లుల శాన ఏండ్లు చేసిన గదా. అప్పుడే కుడి చెవి పోయింది, ఎవ్వలకు చెప్పలే. ఎడమ చెవితోని కొట్టు నడిపిన. ఈ ఎండకాలం అది గూడ పోయింది. చెవికి పెట్టే మిషిన్ తెచ్చిండ్రు. అది పెట్టుకుంటే ఇంజిన్, బస్సు, సింధుజ, అందరు ఒక్క తీరుగ రేకు డబ్బ కొట్టినట్లే ఉంటరు. నేను ఇంజిన్ చూసి రిపేర్ చేసేటోన్ని గాదు, విని చేసేటోన్ని. ఒకాయన నా ముంగట స్ప్రేయర్ పెట్టి, "ఏమప్పా, వినొస్తలేదా?" అని చెయ్యి ఊపిండు. మర్నాడు షెట్టర్ దించిన. మీ ఇంటికొస్తే నువ్వు మాట్లాడుతుంటవు, నేను తలకాయ ఊపుకుంట కూసోవాలె. నువ్వు తిట్టినదానికి గూడ తలకాయ ఊపుత. అందుకే రాలే.

సరే, నీ మిషిన్ రోగం దొరికింది. నువ్వే చెప్పినవు: ఊపిరి లోపలికి పోతది, బయటికి రాదు. గడ్డి మిషిన్‌ను పొగగూడు చేసినవు గదా అక్కా! ఎక్కువ నూనె పోసి, రేసు లేకుండ పొద్దుగూకినంక నడిపితే ఆ నూనె మండక మసై సైలెన్సర్‌ల పేరుకుంటది. పొగ పోయే తోవల చాయ వడగట్టే జాలి లెక్క చిన్న జాలి ముక్క ఉంటది. అది మూసుకపోయి ఉంటది, రాసిపెట్టుకో.

బిడ్డా మల్లికా, మిషిన్ పూర్తిగ చల్లారినంక ప్లగ్గు వైరు పీకేసి, సైలెన్సర్ మీది స్క్రూలు ఇప్పు. జాలి ముక్క తీసి, పకడుతోని పట్టుకొని, ఇంటి బయట కట్టెల పొయ్యి మీద ఎర్రగ కాల్చు. పెట్రోల్ డబ్బ దూరంగ పెట్టు. చల్లారినంక రాయికి తట్టితే మసంత రాలుతది. కొత్త పెట్రోల్‌ల నలభై మిల్లీలే. అక్క చేతికి నూనె డబ్బ దొరకనియ్యకు.

అక్కా, ఆ పొగ గొర్లకు గూడ మంచిది గాదు. పిడకలు నేను పంపుత. మా ఇంటెనక ఇంకా బర్లున్నయి.

భీమప్ప


మర్పల్లి
ఎంగిలిపూల బతుకమ్మ తెల్లారి

తమ్మీ,

పిడకల సంచి ముట్టింది. బస్సుల పక్కన కూసున్నోల్లు ఏం తిట్టుకున్నరో.

నిన్న ఆడోల్లంత బతుకమ్మకు పూలు ఏరుకుంటుంటే మల్లిక పకడు పట్టుకొని జాలి కాల్చుకుంట కూసున్నది. తట్టితే అరచేతి నిండ నల్ల మసి రాలింది. మిషిన్ బిగించి తాడు గుంజింది. రేసు ఇచ్చిన. ఏమన్నదో తెలుసా? ఈడొచ్చిన పొట్టేలు కొట్టం తలుపు తన్నినట్ల! గడ్డి సాలుకు సాలు పడ్డది. నా కండ్లల్ల నీళ్ళొచ్చినయి. మల్లికతోని నలుసు పడ్డదన్న. అది అట్లనే రాస్తున్నది చూడు.

గాని ఒక లొల్లి ఉన్నది. రేసు తీసినా బ్లేడు ఆగుతలేదు. చేతుల ఊర్కె పట్టుకున్నా గిర్రున తిరుగుతది. శ్రీశైలం తిప్పిన స్క్రూలే కారణమంటున్నది మల్లిక. ఏది ఎంత తిప్పిండో వానికే తెల్వది. ఇప్పుడు వాడు, "ఆగని బ్లేడు నీ చేతికియ్యను, కాలు తెగితే ఎవ్వలు చూడాలె? దసరా దాటినంక బేరగానికి మాటిచ్చిన" అంటున్నడు. వాని మాటల కోపం లేదు, భయం ఉన్నది. కోపమైతే నేను ఏగుదును.

నువ్వు వచ్చి ఆ స్క్రూలు తిప్పు.

బుగ్గమ్మ


తాండూరు

అక్కా,

శ్రీశైలం చెప్పింది నిజం. ఆ మిషిన్ పట్టకు. మూసుకపోయినప్పుడు ఆగకుండ ఉండాలని వాడు స్క్రూ బిగించిండు. ఇప్పుడు తోవ తెరుచుకుంది గదా, దానికి వేగం ఎక్కువైంది.

కాని నేను రాను. మిగతాది చేతి పని, కండ్ల పని. ఇది చెవి పని. వెంట్రుకవాసి తిప్పుకుంట వినాలె, నిమ్మలమైనకాడ ఆపాలె. నలుగురు చూస్తుండంగ నేను తిప్పి, అది అట్లనే మొత్తుకుంటుంటే, నాకే వినపడకపోతే? వికారాబాద్‌ల ఇంకో మెకానిక్‌కు చూపించుండ్రి.

ఏమనుకోకు.

భీమప్ప


మర్పల్లి
సద్దుల బతుకమ్మ ముంగట

తాండూరుల ఉన్న భీమప్పకు,

నేను పైన చెప్పిన బుగ్గమ్మనే. వయసు గదే. ఇంట్ల గొర్లు గూడ గంతే ఉన్నయి, ఇంకా. ఇది ఉత్తరం గాదు, కాగితం. అందుకే సాక్షులను కూసోబెట్టి చెప్తున్న.

ఏమనుకోకన్నవు. శాన అనుకున్న. మల్లిక రాయనన్నది.

వికారాబాద్‌కు పోను. చెయ్యి పెట్టకుండ పోయిందన్నోని ఊరికి నా మిషిన్ తోల్త? నీకు చెవులు లేవు, నాకున్నయి. చీకట్ల మందల ఏ గొర్రె కుంటుతున్నదో పండుకొని చెప్పేదాన్ని. నాకు స్క్రూలు తెల్వయి, నీకు తెలుసు. ఇట్ల చేద్దాం. నువ్వు మిషిన్ ముంగట కూసో. నేను నీ ఎనక నిలబడి నీ భుజం మీద చెయ్యి పెడ్త. మిషిన్ ఎక్కువ మొత్తుకుంటే గట్టిగ ఒత్తుత. తగ్గుతుంటే మెల్లగ ఒత్తుత. గొర్రె నెమరేసినట్ల నిమ్మలమైనప్పుడు చెయ్యి తీస్త. నువ్వు గక్కడ ఆపు. బ్లేడు ఆగిందా లేదా నీ కండ్లకు కనిపిస్తది. నలుగురు చూస్తరంటే, నా వాకిట్ల ఎవ్వలన్న నవ్వనీ, పిడకలు ఇంకా సంచెడున్నయి.

శ్రీశైలంను ఎదురుంగ కూసోబెట్టి అడిగిన. బ్లేడు నిలబడితే గొర్ల జోలికి పోనన్నడు. బేరగానికి వాడే చెప్పుకుంటడంట. నిలబడకపోతే దసరా తెల్లారి తోల్త అన్నడు. నేను సరే అన్న. అవును, నేనే అన్న. నువ్వు వచ్చి, తిప్పి, అది నిలవకపోతే, అవ్వ గొర్లు పోతయి, నేను ఓర్చుకుంట. నువ్వు రాక పోయినయంటే మాత్రం ఓర్చుకోను. మందల ఇప్పుడు ఒక నల్ల పిల్ల ఉన్నది. దాని మెడ పట్టుకునేటోడు లేడు.

వచ్చినంక తలకాయ ఊపుకుంట కూసోవాలెనని భయపడకు. తిట్లు ఉత్తరాలల్ల అన్ని అయిపోయినయి. ఇగ నీకు కుడుములే.

కింద నీ పేరు కాడ జాగ ఇడిసినం. సంతకం పెట్టి పోస్టుల వెయ్యకు.

బుగ్గమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర
(వేలికి నూనె ఉన్నందుకు జర మసకగ పడ్డది. నూనె ఎక్కడ దొరికిందో నాకు తెల్వది. మల్లిక)

సాక్షులు:

మల్లిక, కోడలు. చెప్పింది చెప్పినట్ల రాసిన, కొన్ని తప్ప.

ఇంద్రమ్మ, పక్కిల్లు. పొగ సంగతి తెలివైనదే అని ఇప్పటికి గూడ అంటున్న.

శ్రీశైలం, కొడుకు. బ్లేడు నిలబడితే గొర్లు ఇంట్లనే. ఒప్పుకున్న.

భీమప్ప, తాండూరు. సద్దుల నాడు ఫస్ట్ బస్సుకు దిగి, అక్క వాకిట్ల కూసొని సంతకం పెడ్తున్న. బ్లేడు నిలబడ్డది. ఎప్పుడో నిలబడ్డది. అక్క చెయ్యి మాత్రం ఇంకా భుజం మీంచి తీస్తలేదు.